ముఖం లేని ఫోటోలు

ఫోను మోగేసరికి ఆఫీసులో భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటున్నాను. "నేనండీ, దోనె ఆయన కూతుర్నండీ" అంది అవతలి గొంతు. పన్నెండేళ్ళపాటు నన్ను కొల్లేట్లో తన దోనె మీద తిప్పిన మనిషి కూతురు. పెళ్ళయ్యాక తాడేపల్లిగూడెంలో ఉంటోంది. "నాన్న పోయారండీ. మొన్న చేపల చెరువు గట్టు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారండీ. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందండీ" అంది.

నేనేదో అన్నాను, అలాంటప్పుడు అందరూ అనే మాటలే. ఆ అమ్మాయి కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఫోను చేసిన పని చెప్పింది. "పదకొండో రోజు దినకార్యం పెట్టుకున్నామండీ. దండ వెయ్యడానికి ఫోటో కావాలండీ. మీ దగ్గర నాన్న ఫోటోలు వందలున్నాయంట కదండీ. ఒకటి మంచిది చూసి ఇస్తారా అండీ?"

"ఒకటేంటమ్మా, ఎన్ని కావాలంటే అన్ని ఇస్తాను" అన్నాను.

నిజం చెప్పొద్దూ, ఆ మాట కాస్త గొప్పగానే అన్నాను. చావు కబురు వింటూ కూడా గొప్పకి పోయే రోగం ఫోటోలు తీసేవాళ్ళకి ఒకటుంటుంది. మన దగ్గర ఉన్నది ఇంకెవరి దగ్గరా లేదు కదా అని. ఇంట్లో రెండు హార్డ్ డిస్కుల నిండా కొల్లేరు ఉంది, అందులో సగం ఫోటోల్లో ఆయన ఉన్నాడు. సాయంత్రం ఇంటికెళ్ళి పది నిమిషాల్లో నాలుగు ఏరి పంపేద్దామనుకున్నాను.

నా సంగతి కొంత చెప్పాలి. ఉద్యోగం ఏలూరు కరెంటాఫీసులో గుమస్తాగిరీ, కాపురం వట్లూరులో. ఆదివారం వచ్చిందంటే తెల్లారేసరికి కెమెరా సంచీ భుజాన తగిలించుకుని కైకలూరు రోడ్డెక్కేవాణ్ణి. పక్షుల కోసం మొదలైన పిచ్చి ఇది. మా ఆవిడ దీన్ని నా రెండో కాపురం అనేది. "ఆ గూడబాతులకున్న అదృష్టం కూడా లేదు నాకు, వాటి పిల్లల పిల్లల ఫోటోలు కూడా ఉన్నాయి మీ దగ్గర" అని దెప్పేది.

ఈ పిచ్చి ఉన్నవాడి చికాకులు బయటివాళ్ళకి అర్థం కావు. చలికాలం పొద్దున్నే వెళ్ళి, మంచు విడిచేదాకా రెండు గంటలు ఊపిరి బిగబట్టి కూర్చుంటే, సరిగ్గా పక్షి రెక్కలు విప్పేవేళకి గట్టు మీద ఎవడో మోటారుసైకిలు హారను మోగిస్తాడు. అంతే, నీళ్ళు మాత్రం మిగులుతాయి. ఈ డెల్టా తేమకి లెన్సులో బూజు పడుతుంది. బియ్యం డబ్బాలో పెట్టినా పడుతుంది, బీరువాలో బల్బు వెలిగించి పెట్టినా పడుతుంది. చేపల చెరువుల దగ్గర కాపలావాళ్ళు పొడుగాటి లెన్సు చూడగానే కర్ర పట్టుకుని వచ్చేస్తారు. "ఎందుకండీ ఫోటోలు? మళ్ళీ సర్కారువాళ్ళు మా చెరువుల గట్లు కొట్టేయడానికొస్తారా?" అని. బాబూ నేను పక్షుల మనిషినయ్యా అంటే నమ్మరు. ఇంత దూరం వచ్చి, ఇంత ఖరీదు పెట్టి, కొంగలకి ఫోటోలు తీసేవాడుంటాడంటే ఎవరు మాత్రం ఎందుకు నమ్ముతారులెండి.

ఇన్ని పడి ఒక మంచి ఫోటో తీసి నలుగురికీ చూపిస్తే, "కెమెరా మంచిదండీ, అందుకే ఇంత బాగా వచ్చింది" అంటారు. వంట బాగుంటే మూకుడు మంచిదండీ అని ఎవరైనా అంటారా? ఆ మాటకి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అన్నిటికంటే పెద్ద బాధ పెళ్ళిళ్ళు. చేతిలో కెమెరా ఉందని తెలిస్తే చాలు, ముదినేపల్లి బాబాయిగారింట్లో ఓణీల ఫంక్షను, చిన్నతిరుపతి కొండ మీద మేనకోడలి పెళ్ళి, ఆఫీసులో బిల్లుల సెక్షనాయన మనవడి బారసాల, అన్నిటికీ నేనే. "వచ్చి నాలుగు స్నాపులు కొట్టండి, ఇంట్లోవారే కదా" అంటారు. పీటల దగ్గర నిలబడి చెమటలు కక్కుతూ తీస్తే, భోజనాల దగ్గర మనకి ఆకు వెయ్యడం మర్చిపోతారు. తీసినవి పంపాక నా ముఖం లావుగా వచ్చిందండీ అని ఒకావిడ, మా తోడల్లుడు లేడేంటండీ అని ఇంకొకాయన. విసుగెత్తిపోయి ఒక అబద్ధం తయారుచేసి పెట్టుకున్నాను. ఎవరడిగినా "కెమెరా సర్వీసుకిచ్చానండీ, హైదరాబాదు పంపారు" అనేవాణ్ణి. ఆ అబద్ధం అందరికీ సరిపోయేది.

దోనె ఆయన దగ్గర ఈ గొడవలేవీ ఉండేవి కావు. అందుకే నాకు ఆయనంటే ఇష్టం. లంకలో ఇల్లు, చేపలు పట్టడం పని, నాబోటి వాళ్ళెవరైనా వస్తే తాటిదోనె మీద పక్షుల దగ్గరికి తీసుకెళ్ళేవాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. ఆయన నన్ను బాబుగారూ, మీరూ అనేవాడు. నేను నువ్వు అనేవాణ్ణి. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా అదేంటని నాకు తోచలేదు. గుర్రపుడెక్కలో గెడ చప్పుడు కాకుండా వేసేవాడు. నేను చెయ్యెత్తితే ఆగేవాడు, దించితే కదిలేవాడు. ఎండ నెత్తికెక్కేదాకా నేను పక్షుల్ని చూస్తుంటే ఆయన నన్ను చూస్తూ కూర్చునేవాడు. బీడీ వెలిగిస్తే పొగకి పక్షులు బెదురుతాయేమో అని, వెలిగించకుండా చెవి మీదే పెట్టుకునేవాడు. అలాంటి మనిషి నాకు మళ్ళీ దొరకడు.

ఆ సాయంత్రం హార్డ్ డిస్కు తగిలించి కూర్చున్నాను. మొదటి సంవత్సరం ఫోల్డరు తెరిచాను. ఆయన వీపు. దోనె ముందుభాగం మీద వీపు, ఎదర నీళ్ళు, పైన ఆకాశం. బాగుంది. తర్వాత గెడ పట్టుకున్న చేతులు. నరాలు తేలి, నీళ్ళు కారుతూ, చాలా బాగుంది. తర్వాత తలపాగా కింద నీడ. ఆ తర్వాత వల విసురుతున్న నల్లటి ఆకారం, వెనకాల సూర్యుడు. మళ్ళీ వీపు. పాదాలు. నీళ్ళలో ఆయన నీడ. బుట్టలో చేపలు, పక్కన మోకాళ్ళు.

రెండో సంవత్సరం తెరిచాను. మూడో సంవత్సరం తెరిచాను. ఎక్కడో ఒకటుంటుందిలే, ఇన్ని వందల్లో ఒక్కటి లేకుండా పోతుందా అనుకుంటూ మౌసు తిప్పుతూనే ఉన్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి పక్కన పెట్టి, వెనక నిలబడి కాసేపు చూసింది. "ఏవండీ, ఈయన ముఖం ఎలా ఉంటుందండీ?" అంది. దెప్పడానికి అనలేదు. ఆవిడకి నిజంగానే తెలియదు. పన్నెండేళ్ళ నుంచి ఆయన ఫోటోలు చూపించి ఊదరగొట్టాను, ఆవిడకి ఆయన ముఖం తెలియదు.

దీనికి కారణం నా కళ. మాకొక ఫోటోల గ్రూపు ఉండేది, అందులో పెద్దలు కొందరు ఉండేవారు. మనిషి కెమెరా వంక చూశాడంటే ఫోటో చచ్చినట్టే అనేవారు. వెలుగుకి ఎదురు పెట్టండి, ఆకారం చూపించండి, ముఖం దాచండి, చూసేవాడు ఊహించుకుంటాడు అనేవారు. నేను బుద్ధిగా నేర్చుకున్నాను. దోనె ఆయన అప్పుడప్పుడు ఒడ్డు దగ్గరికి వచ్చాక, "బాబుగారూ, నాదోటి తీద్దురూ" అని అడిగేవాడు. గెడ పక్కన పెట్టి, తలపాగా తీసి జుట్టు సర్దుకుని, చేతులు రెండూ పక్కలకి అంటించి, హెడ్మాస్టరు ముందు నిలబడినట్టు బిగుసుకుని నిలబడేవాడు. ఆయన సంతోషం కోసమని నొక్కేవాణ్ణి. ఇంటికొచ్చి కార్డు ఖాళీ చేసేటప్పుడు ముందు అవే చెరిపేసేవాణ్ణి. పాస్‌పోర్టు ఫోటోలా ఉందిరా బాబూ అనుకుంటూ చెరిపేసేవాణ్ణి. పాతికో ముప్పయ్యో అలా చెరిపి ఉంటాను. అందులో ఒక్కటి ఉంచితే ఏం పోయేది? డిస్కులో గూడబాతులకి ఉన్న చోటు ఆయనకి లేకపోయింది.

రెండు రోజులు ఆఫీసుకి సెలవు పెట్టి వెతికాను. చెరిపిన ఫోటోలు తిరిగి తెప్పించే సాఫ్ట్‌వేర్లు ఉంటాయంటే అవీ ప్రయత్నించాను. పాత కార్డుల్లో పెళ్ళిళ్ళు వచ్చాయి, లావుగా ఉన్న ముఖాలన్నీ వచ్చాయి. ఆయన రాలేదు. మధ్యలో ఆ అమ్మాయి రెండుసార్లు ఫోను చేసింది. "పని ఒత్తిడిలో ఉన్నానమ్మా, పంపిస్తాను" అన్నాను.

మూడో రోజు ఆదివారం. ఆ అమ్మాయి చెప్పకుండానే తాడేపల్లిగూడెం నుంచి పాసింజరెక్కి వచ్చేసింది. చేతిలో గుడ్డ సంచీ. మా ఆవిడ లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. సంచీలోంచి ఆధార్ కార్డు జిరాక్సు తీసింది. "దీన్ని పెద్దది చేస్తే మసి అంటినట్టు వచ్చిందండీ. నాన్నలా లేరండీ, ఎవరో దొంగని పట్టుకున్నట్టు ఉంది" అంది. తర్వాత తన పెళ్ళి ఫోటో ఒకటి తీసింది. పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతూ తండ్రి తల వంచుకుని ఉన్నాడు. ఇంకోటి అందరూ వరసగా నిలబడిన ఫోటో, అందులో ఆయన కళ్ళు మూసుకున్నాడు. "పోయినాయనకి కళ్ళు మూసుకున్న ఫోటోకి దండేంటే, నా ఎదురుగా అది పెట్టొద్దు అంటోందండీ అమ్మ" అంది.

"ఫోనుల్లో తీసినవి లేవామ్మా?" అని మా ఆవిడ అడిగింది.

"నాన్న తియ్యనిచ్చేవారు కాదండీ. బాబుగారు పెద్ద కెమెరాతో అన్నేసి తీశారు, ఇంక ఈ ఫోనుతో దేనికి అనేవారండీ."

ఆ పెళ్ళికి ఫోటోలు తియ్యమని ఆయన నన్ను అడిగాడు. దోనె కట్టేసి, తాడు ముడి వేస్తూ, నా వంక చూడకుండా అడిగాడు. "అమ్మాయి పెళ్ళండీ బాబుగారూ. మీరొచ్చి నాలుగు తీస్తే చాలండీ, ఇంకెవర్నీ పెట్టను." నేను అలవాటుగా కెమెరా సర్వీసుకిచ్చాను అన్నాను. అప్పుడు ఆ కెమెరా నా మెడలోనే ఉంది. ఆయన దాని వంక చూసి, నా వంక చూసి, "ఆయ్, అలాగేనండీ" అన్నాడు. ఇది ఆ అమ్మాయికి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా హాల్లో గోడకి ఒక పెద్ద ఫోటో ఉంది. పోటీలో రెండో బహుమతి వచ్చిన ఫోటో. ఎర్రటి సూర్యుడి ముందు దోనె మీద గెడ పట్టుకుని నిలబడిన నల్లటి మనిషి. ఆ అమ్మాయి నీళ్ళ గ్లాసు కింద పెట్టి లేచి దాని దగ్గరికి వెళ్ళింది. "ఇది నాన్నేనండీ, భుజం వాలు చూస్తే తెలుస్తోంది" అంది. ఇంకా దగ్గరికి వెళ్ళి, ముఖం ఉండాల్సిన చోట వేలితో మెల్లగా తుడిచింది, దుమ్మేమో అనుకుని. తర్వాత నా వైపు తిరిగి, "ముఖం ఏదండీ?" అంది.

బహుమతి ఇచ్చినవాళ్ళలో ఎవరూ ఆ మాట అడగలేదు. ముఖం కనిపించకపోవడమే ఇందులో అందం అని ఒకాయన వేదిక మీద రెండు నిమిషాలు మాట్లాడాడు కూడా. నేను సిగ్గుతో చచ్చిపోయాను. "మంగళవారానికి ఇస్తానమ్మా, నేనే గూడెం తెస్తాను" అని మాటిచ్చి పంపాను. ఎక్కణ్ణుంచి తెస్తానో తెలియకుండానే ఇచ్చాను. మా ఆవిడ ఆ అమ్మాయిని స్టేషనులో రైలెక్కించి వచ్చింది.

చివరికి ఆ గోడ మీది ఫోటో దగ్గరికే వచ్చాను. కెమెరాలో ఫోటో తీసినప్పుడు పక్కనే ఇంకో పెద్ద ఫైలు కూడా ఉంటుంది, రా ఫైలు అంటారు. ఫోటోలో నల్లగా కనిపించే చోట కూడా కెమెరాకి అందిన కాస్త వెలుగు అందులో దాగి ఉంటుంది. కంప్యూటర్లో ఒక గీత జరుపుతూ పోతే నీడలు కాస్త కాస్త విడతాయి. మామూలుగా అంత జరపం, ఫోటో అంతా రవ్వరవ్వగా పాడైపోతుంది. ఆ రోజు తీసినవి ఇరవైకి పైగా ఉన్నాయి, వరసగా. మొదటిది తెరిచి గీత చివరికంటా లాగాను.

ఆకాశం వెలిసిపోయింది. నల్లటి ఆకారం మీద ఎరుపూ ఆకుపచ్చా చుక్కలు ఇసక చల్లినట్టు లేచాయి. ఆ చుక్కల్లోంచి ముందు ముక్కు తేలింది. తర్వాత నుదురు, దాని మీద బొట్టు. తర్వాత పళ్ళు.

ఆయన నవ్వుతున్నాడు. గెడనీ చూడటంలేదు, నీళ్ళనీ చూడటంలేదు. తిన్నగా నా వంకే చూసి నవ్వుతున్నాడు. బుగ్గల మీద పౌడరు చారలు కూడా తెలుస్తున్నాయి.

రెండో ఫోటో లాగాను. నవ్వుతున్నాడు. అయిదోదాంట్లో కూడా నవ్వు అలాగే ఉంది, కొంచెం బిగిసింది. పదోదాంట్లో పెదవులు అలిసిపోయాయి, అయినా ఆపలేదు. నేను మీటలు తిప్పుకుంటూ ఆలస్యం చేస్తుంటే ఆయన అలా నవ్వుతూనే నిలబడ్డాడు. ప్రతి ఫోటోలోనూ ఆయన కాళ్ళ దగ్గర చెక్క మీద తెల్లగా ఏదో ఉంది. బహుమతి ఫోటోలో అది అడ్డమని నేనే చెరిపేశాను. ఇప్పుడు పెద్దది చేసి చూశాను. మడత పెట్టిన చొక్కా.

అప్పుడు గుర్తొచ్చింది. ముందురోజు ఫోను చేసి, "రేపు నీ ఫోటో తీస్తానోయ్, పోటీకి పంపాలి, పొద్దు పొడవకముందే తయారుగా ఉండు" అన్నాను. ఆయన నీ ఫోటో అన్న మాట విన్నాడు. తలకి నూనె రాసుకుని, పౌడరు వేసుకుని, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ తెల్లచొక్కా తొడుక్కుని దోనె దగ్గర నిలబడ్డాడు. నేను చూడగానే విసుక్కున్నాను. "ఏంటయ్యా ఈ వేషం? పెళ్ళికెళ్తున్నావా? తీసెయ్, ఆకారం తెలియదు" అన్నాను. ఆయన గుండీలు ఒక్కొక్కటే విప్పి, చొక్కాని నలగకుండా మడతపెట్టి, తడి లేని చెక్క చూసి దాని మీద పెట్టుకున్నాడు. పొద్దెక్కితే ఈ ఎరుపు పోతుంది, త్వరగా కానివ్వు అని నేను కేకలేశాను. అంతా అయ్యాక, "ముఖం బాగా పడిందాండీ?" అని అడిగాడు. "బ్రహ్మాండంగా పడింది" అన్నాను.

కంప్యూటరు ముందు కూర్చుని ఏడ్చాను. యాభై దాటిన మగవాడు కూర్చుని ఏడుస్తుంటే మా ఆవిడ వచ్చి తెర మీద ఆ ముఖం చూసింది. "ఈయనేనా?" అంది. తలూపాను. "మంచి ముఖం" అని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

అన్నిట్లోకీ కాస్త నయంగా ఉన్నది పెన్‌డ్రైవులో వేసుకుని మంగళవారం తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఆ అమ్మాయి చెప్పిన స్టూడియో మార్కెట్టు వీధిలో ఉంది. స్టూడియో ఆయన పెద్దవాడు. పోయినవాళ్ళ ఫోటోలు తయారు చెయ్యడంలో చెయ్యి తిరిగినాయన. చుక్కల్ని చూసి పెదవి విరిచాడు గానీ, మధ్యాహ్నందాకా కూర్చుని చర్మం నునుపు చేశాడు, కళ్ళకి వెలుగు పెట్టాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. దోనె ఆయన కొంత మనిషి అయ్యాడు, కొంత బొమ్మ అయ్యాడు. అంతకంటే రాదండీ అన్నాడు స్టూడియో ఆయన.

"ఒంటి మీద చొక్కా లేదు కదండీ. ఫ్రేముకి బాగోదు. మా దగ్గర చొక్కాలు ఉంటాయి, తొడిగేస్తాం. గళ్ళదా, కోటు వెయ్యమంటారా?" అని అడిగాడు. కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరిచాడు. తలలు లేని చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. గూడెం చుట్టుపక్కల పోయినవాళ్ళందరికీ అవే తొడుగుతారు కాబోలు.

"తెల్లది వెయ్యండి" అన్నాను.

దినకార్యం రోజు ఫ్రేము పట్టుకుని ఏలూరు నుంచి నేనూ మా ఆవిడా లంకకి వెళ్ళాం. దారిలో గట్ల పక్కన పక్షులు చాలా ఉన్నాయి. కెమెరా తీసుకెళ్ళలేదు. ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఫోటో కోసం కుర్చీ మీద తెల్లటి తువ్వాలు పరిచి ఖాళీగా ఉంచారు, చుట్టాలందరూ ఆ ఖాళీ కుర్చీ వంక చూస్తూ కూర్చున్నారు. ఆ అమ్మాయి ఎదురొచ్చి ఫ్రేము అందుకుని, కాగితం విప్పి, చూసి, "నాన్నేనండీ" అంది. ఆ ఒక్క మాటతో నా ఒంట్లో కొంత బరువు దిగింది. ఒప్పుకోవద్దూ, తప్పించుకున్నాననిపించింది.

తర్వాత వాళ్ళమ్మని తీసుకొచ్చారు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుంటే వచ్చి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. కొంగుతో అద్దం తుడిచింది. చాలాసేపు చూసింది. ఏడవలేదు. చివరికి నా వైపు తిరిగి చేతులు జోడించింది.

"ఆ రోజు ఫోటో తీస్తారని చెప్పి ఇదే చొక్కా వేసుకుని బయల్దేరారండీ. నేనే ఇస్త్రీ చేసిచ్చాను. ఎలా పడిందో చూడాలని ఎన్నిసార్లు అనుకునేవారోనండీ. మిమ్మల్ని అడుగుదామంటే మొహమాటపడేవారు. మొన్న ఆఖరి ప్రయాణానికి కూడా ఈ చొక్కాయే తొడిగి పంపించాం." మళ్ళీ ఫోటో వంక తిరిగింది. "చొక్కా బాగా పడిందండీ" అంది.

చొక్కా నేనే విప్పించానమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ చెయ్యి అద్దం మీద ఉంది, మెడ దగ్గర కాలరు సర్దుతోంది. పక్కనున్నవాళ్ళు నా చేతిలో దండ పెట్టి, "వెయ్యండి బాబుగారూ, ముందు మీరే వెయ్యాలి" అన్నారు. వేశాను.